కొత్త ఏడు సీట్ల కారు డెలివరీ: ఏం చూసుకోవాలి, హెడ్‌లైట్లు ఎలా సెట్ చేసుకోవాలి?

బ్రాడీపేట_వాసి:

నమస్తే అండీ. బెజవాడ షోరూంలో ఏడు సీట్ల పెట్రోల్ కారు బుక్ చేశాం. వచ్చే వారం డెలివరీ అంటున్నారు. ఇల్లు గుంటూరులో. ఇంట్లో ఆరుగురం. పండక్కీ పెళ్లికీ సామానుతో సహా రాత్రిపూట హైవే మీద తిరగడం ఎక్కువ.

రెండు సంగతులు అడగాలి. ఒకటి, డబ్బు మొత్తం కట్టేముందు బండిలో, కాగితాల్లో ఏమేం చూసుకోవాలి? రెండోది, ఇదే మోడల్ వాడుతున్న బంధువులకి లో బీమ్ మీదే వెళ్తున్నా ఎదురొచ్చే బండ్లు డిప్పర్ కొడుతున్నాయి. ఒకసారి లైట్లు ఎత్తుగా ఉన్నాయని, ఇంకోసారి దగ్గరే పడుతున్నాయని తిప్పించుకుంటూనే ఉన్నారు. షోరూంలో అడిగితే "ఫ్యాక్టరీ సెట్టింగండీ, ముట్టుకోవద్దు" అన్నారు. ఇంటి దగ్గర గోడ ముందు పెట్టి మనమే సెట్ చేసుకోవచ్చా? మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడకి ఎదురుగా ఐదారు మీటర్ల జాగా ఉంది. లైట్లు ఎల్ఈడీ ప్రొజెక్టర్లు (ముందు గుండ్రటి లెన్సు ఉండే రకం), లోపల ఎత్తు తగ్గించే డయల్ ఉంది.

---

ఏలూరురోడ్డు:

డెలివరీ సంగతి నేను చెప్తాను, లైట్ల గురించి తెలిసినవాళ్లు చెప్తారు.

అన్నిటికన్నా ముఖ్యం: బండి చూడకముందే ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను చేయించనివ్వకండి. ఛాసిస్ నంబరు మీ పేరుకి ఎక్కిందంటే ఆ బండిలో ఏ లోపమున్నా "మార్చడం కుదరదండీ, రిపేరు చేసిస్తాం" అంటారు. ముందు ఛాసిస్ నంబరు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. స్టాక్‌యార్డు ఊరి బయట ఉన్నా సరే, పగటి ఎండలో అక్కడికే వెళ్లి చూడండి. షోరూంలో డెలివరీ బే లైట్ల కింద గీతలు, రంగు తేడాలు కనపడవు. బండి కడిగి పాలిష్ పెట్టకముందు చూస్తే ఇంకా మంచిది.

టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 3525 అంటే 2025లో 35వ వారం. ఐదు టైర్లూ చూడండి, కొన్ని వారాల తేడా మామూలే. ఒక్కటి మాత్రం బాగా పాతదో, వేరే కంపెనీదో అయితే ఎందుకని అడగండి. స్టెప్నీ కొన్ని మోడళ్లలో చిన్న సైజు వస్తుంది, అది లోపం కాదు, దాని మీద రాసిన స్పీడు దాటకూడదంతే. యార్డులో నిలబెట్టే బండ్లకి టైర్లు చదునవకుండా గాలి ఎక్కువ కొట్టి ఉంచుతారు. డెలివరీ రోజు దించకుండానే ఇచ్చేస్తుంటారు కూడా. డ్రైవరు డోరు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, అందులో ఉన్నంతే పెట్టించండి. హెడ్‌లైట్ కొలతకీ ఇది అవసరం.

బ్యాటరీ వోల్టేజి మల్టీమీటరుతో చూడండి. ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 కన్నా తక్కువుంటే చాలాకాలం కదలకుండా పడున్న బండి, చార్జి చేసిమ్మనండి, నిలవకపోతే మార్చమనండి.

బానెట్, డోర్లు, ఫెండర్ల బోల్టుల తలల మీద రంగు పగిలి ఉందంటే ఎవరో విప్పినట్టే. హెడ్‌లైటుకీ బంపరుకీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉండాలి. అద్దాలన్నిటి మీదా కంపెనీ ముద్ర ఒకటే ఉందేమో చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఏమైందో అందరికీ తెలుసు కాబట్టి కొత్త బండైనా ఇది వదలకండి: అన్ని సీటుబెల్టులూ చివరిదాకా లాగి బురద గీత ఉందేమో, సీటు పట్టాల మీద తుప్పుందేమో, స్టెప్నీ గుంతలో చెమ్మ ఉందేమో చూడాలి. మూడో వరుస మడిచి, లేపి, అక్కడి బెల్టులు, ఏసీ గాలి కూడా చూసుకోండి. ముందు సీట్లో కూర్చుని అంతా బాగుందనుకుని వచ్చేస్తారు చాలామంది.

కాగితాలు: ఇన్వాయిసు, ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్టు), ఫారం 22 (బండి రోడ్డుకి తగినదని కంపెనీ ఇచ్చేది), ఇన్సూరెన్సు, టెంపరరీ రిజిస్ట్రేషను. బండి తయారైన నెల, సంవత్సరం ఫారం 21లో ఉంటుంది. అన్నిట్లో ఛాసిస్, ఇంజను నంబర్లు బండి మీదున్న వాటితో అక్షరం అక్షరం పోల్చండి. లోను ఉంటే బ్యాంకు పేరు, ఆధార్‌లో ఉన్నట్టు మీ పేరు. కొత్త కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మూడేళ్లది తప్పనిసరి, సొంత డ్యామేజీది ఏడాది చాలు. షోరూంవాళ్ల పాలసీయే తీసుకోవాలని ఎక్కడా లేదు, బయట కొటేషను తెచ్చి చూపిస్తే ధర దిగుతుంది. కారు ఖరీదు పది లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) వేస్తారు. అది ఖర్చు కాదు, ఇన్‌కంటాక్స్ రిటర్నులో సర్దుకోవచ్చు. కాబట్టి ఇన్వాయిసులో మీ పాన్ నంబరు సరిగ్గా ఉండాలి. "హ్యాండ్లింగ్" అని ఏదైనా కనపడితే దేనికని అడగండి, ఆ లైను తీసేయమనండి.

ఫాస్టాగ్ మొదట ఛాసిస్ నంబరు మీద ఇస్తారు. శాశ్వత నంబరు రాగానే, బండి కొన్న 90 రోజుల్లోపు, అందులో ఎక్కించుకోవాలి, లేకపోతే ఏ రోజో కాజ టోల్‌గేటు దగ్గర ఆగిపోతారు.

పూజ గురించి ఒక్క మాట. పసుపు, కుంకుమ హెడ్‌లైట్ల మీద పెట్టనివ్వకండి. అది గాజు కాదు, ప్లాస్టిక్. తడి కుంకుమ గట్టిగా తుడిస్తే దాని మీది పూతకి సన్నటి గీతలు పడతాయి. పూలదండ ఇనుప తీగతో కట్టకుండా దారంతో కట్టమనండి. కొబ్బరికాయ పక్కన నేల మీద కొట్టి, చిప్పలు ఏరేశాకే బండి కదపండి.

---

బీమ్‌సెట్టర్:

పైన కాగితాల సంగతి బాగా చెప్పారు. లైట్ల దగ్గరికి వస్తాను. కాస్త పొడుగవుతుంది.

"ఫ్యాక్టరీ సెట్టింగు ముట్టుకోవద్దు" అనేది సగం నిజం. ఫ్యాక్టరీలో ఖాళీ బండికి, డ్రైవరు ఒక్కడు కూర్చున్న లెక్కన సెట్ చేస్తారు. ఆ లెక్క సరైనదే. ట్రక్కులో కట్టుకుని రావడం, యార్డులో టైర్ల గాలి, ఎవరైనా బంపరు విప్పి మళ్లీ బిగించడం, వీటివల్ల మారవచ్చు. అందుకని ముందు కొలవండి. కొలవకుండా స్క్రూ ముట్టుకోకండి. సరిగ్గా ఉన్నదాన్ని పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ.

బానెట్ ఎత్తితే లైటు దగ్గరగానీ కంపెనీ ప్లేటు మీదగానీ చిన్న దీపం బొమ్మ, పక్కన 1.0% లేక 1.2% లాంటి అంకె ఉంటుంది. లో బీమ్ పై అంచు ఎంత కిందికి వాలాలో అది చెప్తుంది. 1% అంటే 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు కిందికి. 5 మీటర్లలో 5 సెంటీమీటర్లు. అంతే లెక్క. లైటు నేల నుంచి 75 సెం.మీ. ఎత్తులో ఉండి 1.2% వాలితే ఆ అంచు 62 మీటర్ల దగ్గర రోడ్డుని తాకుతుంది. 0.6% అయితే 125 మీటర్లు. చూడ్డానికి "అబ్బ, ఎంత దూరం పడుతోందో" అనిపిస్తుంది, ఎదుటివాడి కళ్లు మాత్రం పోతాయి.

ఇప్పుడు అసలు చిక్కు. సెల్లార్‌లో నీళ్లు నిలవకుండా నేలని వాలుగా పోస్తారు. మీటరుకి సెంటీమీటరు వాలు మామూలే. అంటే 1%. మీరు లైటులో కొలవబోయేది కూడా 1%. నేల వాలు పట్టించుకోకుండా కొలిస్తే మీరు కొలిచింది లైటుని కాదు, మేస్త్రీ పోసిన నేలని. మీ బంధువుల లైట్లు ఎత్తు అని ఒకసారి, దగ్గర అని ఒకసారి తిప్పించుకోవడానికి కారణం ఇదే అయ్యుండాలి, ఒక్కో చోట ఒక్కో నేల కదా.

చక్రాల కింద నుంచి గోడ దాకా నేల ఒకే వాలుగా, బల్ల పరిచినట్టు ఉంటే ఇబ్బంది లేదు. లైటు ఎత్తు నేల నుంచి కొలిచి, గోడ మీద కూడా నేల నుంచే కొలవండి. మధ్యలో వాలు మారితేనే తప్పు వస్తుంది. సెల్లార్‌లో మధ్యకి కాలువ పెట్టి అటూ ఇటూ వాలు పోస్తారు కాబట్టి సాధారణంగా మారుతుంది.

తేల్చుకోవడానికి తాపీ మేస్త్రీ వాడే లెవెల్ పైపు చాలు. పన్నెండు మీటర్ల సన్నటి పారదర్శక పైపు, నిండా నీళ్లు, మధ్యలో గాలి బుడగ లేకుండా. రెండు కొనల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి, ఒక్కో చక్రం దగ్గర నేల నుంచి నీటి ఎత్తు కొలిస్తే నేల తేడా తెలుస్తుంది. ఫోనులో ఉండే లెవెల్ యాప్ మీద ఆధారపడకండి. 1% అంటే అర డిగ్రీ కన్నా కొంచెమే ఎక్కువ, ఫోను కెమెరా ఉబ్బు ఒక్కటే అంత తేడా తెస్తుంది.

బండి తయారీ: టైర్లలో స్టిక్కరు మీదున్న గాలి. పెట్రోలు ట్యాంకు నిండుగా ఉంటే మేలు. డిక్కీ ఖాళీ, స్టెప్నీ జాకీ ఉండాల్సిన చోట. డ్రైవరు సీట్లో 75 కిలోల మనిషి (లేకపోతే రెండు బియ్యం బస్తాలు, పాతిక కిలోలది ఒకటి, యాభైది ఒకటి). డయల్ 0 మీద. ముందు, వెనక నాలుగైదు సార్లు నొక్కి వదిలి, బండిని ఒక మీటరు ముందుకీ వెనక్కీ నడిపి ఆపండి, స్ప్రింగులు కుదురుకుంటాయి. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి ఉంచితే కొన్ని బండ్లలో వెనక భాగం కొద్దిగా బిగుసుకుంటుంది, చక్రాలకి చెక్కలు పెట్టి బ్రేకు వదిలేయండి.

బండి ముక్కు గోడకి ఎదురుగా, వంకర లేకుండా నిలవాలి. ఎడమ ముందు చక్రం మధ్య నుంచి గోడకి, కుడి ముందు చక్రం మధ్య నుంచి గోడకి టేపుతో కొలిచి రెండూ సమానం చేయండి. లెన్సులో ప్రొజెక్టరు మధ్య భాగం ఎత్తు కొలవండి. చాలా లెన్సుల మీద చిన్న చుక్కో కూడిక గుర్తో ఉంటుంది. ఒక్కో లైటుకి ఎదురుగా గోడ మీద నిలువు గీత ఒకటి, లైటు వాలాల్సినంత తగ్గించిన ఎత్తులో అడ్డ గీత ఒకటి. పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు వేస్తే గోడ పాడవదు.

ఇంజను ఆన్‌లో పెట్టి లో బీమ్ వేయండి. ఒక లైటుకి మందపాటి గుడ్డ అడ్డం పెట్టి రెండోది చూడండి. హాలోజెన్ (ఫిలమెంటు బల్బు) అయితే గుడ్డ రెండు నిమిషాలకి మించి ఉంచకండి, లెన్సు వేడెక్కి మెత్తబడుతుంది. కటాఫ్ (గోడ మీద వెలుగు పై అంచు) ఇలా ఉండాలి: కుడి సగం అడ్డ గీత మీద సమంగా, నిలువు గీత దగ్గర మొదలై ఎడమ వైపు పైకి లేవాలి. మనది ఎడమ వైపు నడిచే దేశం కాబట్టి ఎడమ అంచు, నడిచేవాళ్లు, బోర్డులు కనపడటానికి ఆ లేచిన భాగం.

ఎత్తు సరిగ్గా ఉన్నా ఎదురుబండ్లు డిప్పర్ కొడుతుంటే ఆ మడత చోటు (కటాఫ్ పైకి లేవడం మొదలయ్యే చోటు) చూడండి. అది నిలువు గీత నుంచి కుడికి జరిగితే, లేచిన భాగం ఎదురు లేనులోకి వెళ్తుంది. ఎత్తు స్క్రూ ఎంత దించినా ఆ జబ్బు పోదు. ఎడమ దారి చీకటిగా, కుడి వైపు చెట్లు వెలుగుగా కనపడటం దాని గుర్తు.

స్క్రూలు లైటు వెనక రెండుంటాయి, ఒకటి ఎత్తుకి, ఒకటి పక్కకి. కొన్నిటికి పొడుగాటి స్టార్ స్క్రూడ్రైవరు, కొన్నిటికి అలెన్ కీ, కొన్నిటికి చిన్న రింగు స్పానర్. ఏది దేనికో ఓనర్ మాన్యువల్‌లో లేకపోతే పావు చుట్టు తిప్పి గోడ మీద చూడటమే మార్గం. మొదలుపెట్టే ముందు స్క్రూ తల మీద మార్కర్‌తో గీత గీసి, తిప్పిన పావు చుట్లు కాగితం మీద రాసుకోండి. తేడా వస్తే వెనక్కి వెళ్లొచ్చు. లోపలి గేరు నైలాన్‌ది. చివరికి వచ్చి బిగుసుకున్నాక బలం పెడితే పళ్లు ఊడతాయి, ఆ గేరు విడిగా దొరకదు, లైటు మొత్తం మార్చాలి, అదీ వారంటీలో రాదు. గేరులో కాస్త వదులు ఉంటుంది కాబట్టి గీత కన్నా కొంచెం కిందికి దించి, పైకి తెచ్చి ఆపండి.

ఆటో లెవెలింగ్ ఉన్న బండైతే (డయల్ ఉండదు, వెనక సస్పెన్షన్ చేతికి సెన్సారు ఉంటుంది) స్క్రూ ముట్టుకోవద్దు. ముందు బండి కంప్యూటరుకి తగిలించే స్కానర్‌తో మూలస్థానం పెట్టాలి, ఆ తర్వాతే స్క్రూ. మీది డయల్ కాబట్టి ఆ గొడవ లేదు.

---

ఫ్యూజుబాక్స్:

బీమ్‌సెట్టర్ గారూ, ఐదు మీటర్లు చాలా తక్కువండీ. గోడ మీద టేపు అర సెంటీమీటరు తప్పు వేస్తే ఐదు మీటర్లలో 0.1% తప్పు, పది మీటర్లలో సగం. నాగార్జున యూనివర్సిటీ దాటాక హైవే పక్కన, బైపాస్ పక్కన కాంపౌండు గోడలు బోలెడు. అక్కడ పది మీటర్లు దొరుకుతుంది.

ఇంకొకటి. ఇంత కష్టం దేనికి? ఆటోనగర్‌లో లైట్లు సెట్ చేసే మిషను ఉన్న షాపు దగ్గర పదిహేను నిమిషాల పని.

---

బీమ్‌సెట్టర్:

దూరం ఎక్కువైతే మేలే, కాదనను. కానీ హైవే పక్క మట్టి నేల సెల్లార్ కన్నా అన్యాయం. అర సెంటీమీటరు టేపు తప్పు 0.1%, నేల తప్పు 0.5% దాకా వస్తుంది. పెద్ద తప్పు ముందు చూడాలి.

మిషను సంగతి: బీమ్ సెట్టర్ పెట్టె లైటుకి ముప్పై నలభై సెంటీమీటర్ల దూరంలో పెడతారు, లోపలి లెన్సు పది మీటర్ల గోడ పని చేస్తుంది. మంచి పరికరం. కానీ అది నిలబడిన పట్టా, బండి నిలబడిన నేల ఒకే మట్టంలో ఉండాలి. షాపు వాకిలి వాలులో బండి, లోపల చదును మీద మిషను పెడితే మిషను అంకె కూడా అబద్ధమే. అడగాల్సిన ప్రశ్నలు రెండే: నేల మట్టం చేసిన బే ఉందా, మిషను డయల్ మీద నా బండి శాతం పెట్టారా. అన్ని బండ్లకీ 1% మీదే ఉంచేస్తారు కొందరు. కంపెనీ సర్వీసు సెంటరులో డెలివరీకి ముందే అడిగితే వాళ్లే చేసి ఇస్తారు, మొదట అక్కడ అడగండి.

---

బ్రాడీపేట_వాసి:

అందరికీ థాంక్సండీ. బండి వచ్చింది. యార్డులోనే చూసుకున్నాం, టైర్లలో గాలి ఎక్కువే ఉంది, దింపించాం. సెల్లార్‌లో లెవెల్ పైపుతో కొలిచిన అంకెలు ఇవి. ముందు చక్రం దగ్గర నీటి మట్టం నేల నుంచి 40 సెం.మీ., వెనక చక్రం దగ్గర 38.6. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) మాన్యువల్‌లో 2740 మి.మీ. లైటు మధ్య ఎత్తు 76. ముందు చక్రం మధ్య నుంచి లైటుకి 70 సెం.మీ., లైటు నుంచి గోడకి 5 మీటర్లు. బానెట్ కింద 1.2% అని ఉంది. గోడ మీద గీత ఎక్కడ వేయాలి?

---

బీమ్‌సెట్టర్:

బాగా కొలిచారు. నీటి మట్టం వెనక తక్కువ చూపించింది కాబట్టి వెనక నేల 1.4 సెం.మీ. ఎత్తు. అంటే బండి ముక్కు కిందికి వాలి నిలబడింది.

ఆ వాలు గోడ దాకా సాగదీయాలి. ముందు చక్రం నుంచి గోడకి 5.7 మీటర్లు. 1.4ని 5.7తో గుణించి 2.74తో భాగిస్తే 2.9 సెం.మీ. బండి తన కింద ఉందనుకునే నేల, గోడ దగ్గర అంత కిందికి ఉన్నట్టు లెక్క. గోడ దగ్గర నిజం నేల ఎక్కడుందో మనకి అక్కర్లేదు.

లైటు ఎత్తు 76లో నుంచి ఈ 2.9, లైటు వాలు కోసం 6 (5 మీటర్లకి 1.2%) తీసేస్తే 67.1. ఇది ముందు చక్రం నేల నుంచి. పైపు అలాగే ఉంచి రెండో కొన గోడ దగ్గరికి తీసుకెళ్లి నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. పైపు కదిలించేటప్పుడు నీళ్లు ఒలికితే ముందు చక్రం దగ్గర 40 మళ్లీ చూసుకోవాలి. ఆ గుర్తుకి పైన 27.1 సెం.మీ. దగ్గర అడ్డ గీత వేయండి. ఎడమ, కుడి లైట్లకి విడివిడిగా ఇదే లెక్క, అడ్డంగా కూడా నేల వాలి ఉండొచ్చు.

ఈ 2.9 వదిలేసి 70 దగ్గర పెట్టి ఉంటే మీ లైటు అసలు వాలు 0.62% అయ్యేది.

ముక్కు పైకి ఉన్న నేలలో (ముందు నేల ఎత్తు) ఆ అంకె తీసేయడం కాదు, కలపాలి. ఇది తిరగేసి చేసేవాళ్లున్నారు కాబట్టి చెప్తున్నాను.

---

ఫ్యూజుబాక్స్:

లెక్క ఒప్పుకున్నాను, పైపు నేనూ కొంటాను 🙂

లైట్లు చాలట్లేదని బల్బులు మార్చేవాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ బండి ఎల్ఈడీది, కానీ చదివేవాళ్లలో హాలోజెన్‌వాళ్లు ఉంటారు. హెచ్4 బల్బు (హైబీమ్, లో బీమ్ రెండూ ఒకదాంట్లోనే ఉండేది) 60/55 వాట్లు. 12 వోల్టుల దగ్గర 60 వాట్లంటే 5 ఆంపియర్లు. 100/90 బల్బు వేస్తే ఎనిమిది పైచిలుకు. వైరు, హోల్డరు ఆ కరెంటుకి కాదు. ముందు హోల్డరు గోధుమ రంగుకి తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది, రిఫ్లెక్టరు వెండి పూత ఊడుతుంది. హాలోజెన్ రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు దూర్చినా గొడవే. ఫిలమెంటు ఉండాల్సిన చోట చిప్పు సరిగ్గా కూర్చోదు, కటాఫ్ చెదిరిపోతుంది. స్క్రూ ఎంత తిప్పినా ఎదుటివాడికి మిరుమిట్లే. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 106వది ఇదే చెప్తుంది: లైటు నుంచి 8 మీటర్ల దూరంలో, కుడికి అర మీటరు పక్కన, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టకూడదు.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ప్రొజెక్టర్లు కొన్ని కుడి వైపు నడిచే దేశాలకి చేసినవి. వాటి కటాఫ్ కుడికి లేస్తుంది, మన రోడ్డు మీద నేరుగా ఎదురు డ్రైవరు ముఖంలోకి. లెన్సు మీద ముద్ర చూడండి. బండికి ఎదురుగా నిలబడి చూస్తే బాణం గుర్తు మీ కుడి చేతివైపు చూపిస్తుంటే అది ఎడమ వైపు నడిచే దేశాలకి చేసింది. బాణం లేకపోతే కుడి వైపు దేశాలది.

---

ఏలూరురోడ్డు:

డయల్ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఏడు సీట్ల బండికి అదే ప్రాణం. ఒకప్పుడు ఇండిగో మెరీనా, ఆక్టేవియా కాంబి లాంటి ఎస్టేట్ (వెనక డిక్కీ పొడుగ్గా ఉండే) కార్లకున్న లక్షణమే దీనికీ ఉంది, బరువంతా వెనక ఇరుసు మీదా దాని వెనకా పడుతుంది. మూడో వరుసలో ఇద్దరు, డిక్కీలో పెట్టెలు, వెనక భాగం 5 సెం.మీ. దిగిందనుకోండి. 2.74 మీటర్ల వీల్‌బేస్‌కి అది 1.8%. మీరు కష్టపడి పెట్టిన 1.2% వాలు పోయి కటాఫ్ 0.6% ఆకాశం వైపు లేస్తుంది. లో బీమే హైబీమ్ అయినట్టు. బంధువులది కూడా పండగ ప్రయాణాల్లోనే జరుగుతోందేమో కనుక్కోండి.

డయల్ అంకెలు ఏ బరువుకి ఏదో మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. అది కంపెనీ ఊహించిన బరువు, మీ ఇంటి బరువు కాదు. గోడ మీద టేపు ఇంకా ఉండగానే ఆరుగురినీ కూర్చోబెట్టి, డిక్కీలో ఊరికి తీసుకెళ్లేంత సామాను వేసి, కటాఫ్ మళ్లీ అదే గీత మీదికి వచ్చేదాకా డయల్ తిప్పండి. ఆ అంకె, ఇంకో అంకె నలుగురికి, చిన్న స్టిక్కరు మీద రాసి డాష్‌బోర్డులో అంటించండి. ఇంట్లో ఎవరు నడిపినా తెలుస్తుంది. ఖాళీ బండికి డయల్ 3 మీద మరిచిపోతే ముందు ఇరవై ముప్పై మీటర్లే కనపడుతుంది, అదీ ప్రమాదమే.

సీఎన్‌జీ కిట్టు తర్వాత బయట వేయిస్తే సిలిండరు బరువుతో వెనక దిగి ఉంటుంది, లైట్లు మళ్లీ మొదటి నుంచి కొలవాలి.

---

బ్రాడీపేట_వాసి:

గీత వేసి చూశాం. ఎడమ లైటు గీత మీదే ఉంది, ముట్టుకోలేదు. కుడిది నాలుగు సెంటీమీటర్లు పైకి, పక్క సరిగ్గానే ఉంది. ఎత్తు స్క్రూ దించి తెచ్చాం. ఆరుగురితో డయల్ 2 దగ్గర గీతకి వచ్చింది.

ఇంకో సందేహం. నిన్న కడిగాక కుడి లైటు లోపల పొగమంచులా పట్టింది. వాటర్ లీకా?

---

ఫ్యూజుబాక్స్:

లెన్సు లోపల సన్నటి ఆవిరి పొర అయితే మామూలే. వెనక గాలి రంధ్రాలుంటాయి, వేడి లెన్సు మీద చల్లటి నీళ్లు పడగానే చెమ్మ పడుతుంది. లైటు వేసి అరగంట, గంట నడిపితే పోవాలి. ఎల్ఈడీ వేడి తక్కువ కాబట్టి హాలోజెన్ కన్నా ఆలస్యం. చుక్కలు కట్టి కిందికి కారినా, అడుగున నీళ్లు నిలిచినా అది సీలు లోపం. మీరు విప్పకుండా ఫోటో, వీడియో తీసి సర్వీసు సెంటరులో రాయించండి, వారంటీలో మారుస్తారు. ప్రెషర్ వాషర్ నాజిల్ లైటు అంచుకి దగ్గరగా పెట్టనివ్వకండి.

కుడిది ఒక్కటే నాలుగు సెంటీమీటర్లు ఎత్తుగా ఉందంటున్నారు కాబట్టి, ఆ లైటు బ్రాకెట్టు స్క్రూల తలలు ఒకసారి టార్చి వేసి చూడండి. పానా గుర్తులుంటే ఎవరో విప్పి బిగించారు. లైటు మార్చారేమో, లెన్సుల మీది తయారీ ముద్రలు రెండూ పోల్చి చూస్తే తెలుస్తుంది.

---

బీమ్‌సెట్టర్:

అవును, అది చూసుకోండి. మొదటి సర్వీసయ్యాక అదే గోడ ముందు మళ్లీ పెట్టండి. కొత్త స్ప్రింగులు కొంచెం దిగుతాయి, ముందూ వెనకా ఒకేలా దిగవు. చక్రాలు నిలిపిన చోట నేల మీద పెయింటుతో నాలుగు గుర్తులు పెట్టుకుంటే మళ్లీ పైపు అక్కర్లేదు.

ఫాగ్ లైట్లు ఉంటే వాటికీ కింద ఒక స్క్రూ ఉంటుంది. దాని కటాఫ్ మెట్టు లేకుండా సమంగా ఉంటుంది. హెడ్‌లైటు కటాఫ్ కన్నా కిందే ఉండాలి. జనవరి తెల్లవారుజామున నందిగామ వైపు మంచులో వెళ్లాల్సి వస్తే ఫాగ్ లైట్లు, లో బీమ్ మాత్రమే. హైబీమ్ వేస్తే ముందు తెల్ల గోడే కనపడుతుంది.